భయస్థునితో కలిసి నడిచినవారు: జాన్ బన్యన్ జీవితం



మన క్రైస్తవ గృహాల్లో బైబిలు తరువాత తరచుగా వినిపించే పుస్తకాల పేర్లలో యాత్రికుని ప్రయాణం ఒకటి. సండే స్కూల్లో ఆ కథ విన్నవారు మనలో ఉన్నారు. వీపు మీది బరువు సిలువ దగ్గర జారిపడిన సంగతిని ప్రసంగాల్లో విని కన్నీరు పెట్టుకున్నవారూ ఉన్నారు. ఆ పుస్తకం రాసిన జాన్ బన్యన్‌ను మనం విశ్వాసవీరుడని పిలుస్తాం. సువార్త కోసం 12 సంవత్సరాలు చెరసాలలో ఉన్న దైవజనునికి ఆ పేరు తగినదే. అయితే అదే మనిషి యౌవనంలో తన ఊరి చర్చి గంట కింద నిలబడలేకపోయాడు. గంట ఊడి మీద పడుతుందేమోనని వణికిపోయాడు. ఒక చెడ్డ తలంపు తనను వదలనందుకు నెలల తరబడి సరిగ్గా తిండి తినలేకపోయాడు.

ఆ సంగతులు ఎవరో పుట్టించినవి కావు. 1666లో తాను ప్రచురించిన ఆత్మకథలో బన్యనే దాచకుండా రాసుకున్నాడు. దానిని చదివిన మానసిక వైద్యులు కొందరు, నేడు ఓసీడీ అని పిలిచే వ్యాధి లక్షణాలు అందులో ఉన్నాయని గుర్తించారు. అంటే వద్దన్నా మనసులోకి దూసుకొచ్చే భయం ఒకటి, ఆ భయాన్ని చల్లార్చుకోవడానికి మళ్లీ మళ్లీ చేసే పని ఒకటి. 350 ఏళ్ల క్రిందటి మనిషికి మనం ఇప్పుడు వైద్యపరీక్ష చేయలేము. కానీ ఆయన రాసినది చదివితే, ఇలాంటి బాధ ఉన్న ఇంట్లో బ్రతుకుతున్నవారు అది తమ ఇంటి సంగతే అని గుర్తుపడతారు. ఈ వారం ఆయన జీవితాన్ని ఆ కోణం నుండి చెప్పదలచాము. బాధపడిన బన్యన్‌ గురించి ఎంతో, ఆయన ప్రక్కన ఉన్నవారి గురించి కూడా అంత చెప్పదలచాము.

బన్యన్ 1628లో ఇంగ్లాండులోని బెడ్‌ఫర్డ్ పట్టణం ప్రక్కన ఎల్‌స్టో అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఊరూరా తిరిగి గిన్నెలకు, బిందెలకు మాట్లు వేసేవాడు. కొడుకు కూడా అదే పని నేర్చుకున్నాడు. 1644లో, పదిహేనేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్నాడు. నెల తిరగకముందే చెల్లెలు మరణించింది. తండ్రి త్వరలోనే మరో పెళ్లి చేసుకున్నాడు. అదే సంవత్సరం దేశంలో జరుగుతున్న అంతర్యుద్ధంలో పార్లమెంటు పక్షాన సైనికుడిగా చేరాడు. ఒకసారి ముట్టడికి వెళ్లవలసిన తన స్థానంలో మరో సైనికుడు వెళ్లాడు. కావలి కాస్తూ నిలబడిన ఆ సైనికుడు తలకు తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. ఆ సంఘటన బన్యన్ మనసులో నిలిచిపోయింది. మరణం ఎంత దగ్గరగా నడుస్తుందో చిన్న వయసులోనే చూసిన మనిషి ఆయన.

ఇరవై ఏళ్ల ప్రాయంలో పెళ్లి అయింది. ఆ మొదటి భార్య పేరు చరిత్రలో మిగలలేదు. ఇద్దరి దగ్గరా కలిపి ఒక పళ్లెం గాని చెంచా గాని లేనంత బీదరికం. ఆమె పుట్టింటి నుండి తెచ్చుకున్నది రెండు భక్తి పుస్తకాలు మాత్రమే. దైవభక్తి గల తండ్రి చనిపోతూ ఆమెకు వాటిని ఇచ్చాడు. ఆమె భర్తతో కలిసి వాటిని చదివేది. తన తండ్రి ఎలా బ్రతికాడో అతనికి చెబుతూ ఉండేది. 1650లో వారికి మొదటి బిడ్డ మేరీ పుట్టింది. ఆ పాపకు పుట్టుకతోనే చూపు లేదు.

ఆ రోజుల్లోనే బన్యన్ మారాలని నిశ్చయించుకున్నాడు. అప్పటివరకు అతనికి చర్చి గంటలు మోగించడం అంటే ఎంతో సరదా. ఎల్‌స్టోలో గంటల గోపురం చర్చి కట్టడానికి విడిగా నిలబడి ఉంటుంది. ఆ సరదా వ్యర్థమని మనస్సాక్షి గద్దించగా మోగించడం మానేశాడు. కానీ చూడాలనే ఆశ పోలేదు. ఇతరులు మోగిస్తుంటే వెళ్లి చూసేవాడు. ఒకరోజు, గంట ఊడి పడితే ఏమవుతుంది అనే తలంపు వచ్చింది. వెంటనే గోపురంలో అడ్డంగా ఉన్న పెద్ద దూలం కిందికి జరిగాడు. ఇక్కడైతే క్షేమం అనుకున్నాడు. కాసేపటికి, గంట ఊగుతూ పడి, గోడకు తగిలి ఎగిరి, దూలాన్ని తప్పించుకుని తన మీదికే వస్తే అనిపించింది. అప్పుడు గోపురం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు గంట పడినా బయటికి దూకగలను అనుకున్నాడు. కొన్నాళ్లు అలా జరిగింది. ఆ తరువాత, గోపురమే కూలితే అనే భయం పట్టుకుంది. ఇక గుమ్మంలో కూడా నిలబడలేక పారిపోయాడు.

ఈ నాలుగు మెట్లను కొంచెం ఆగి చూడండి. ఒక్కో జాగ్రత్తా కాసేపు నెమ్మది ఇచ్చింది. ఆ వెనుకే అంతకంటే పెద్ద భయాన్ని తెచ్చింది. దూలం కిందికి జరగడం వలన భయం తగ్గలేదు, అది గుమ్మం దాకా అతని వెంట వచ్చింది. అనుమానం పెనుభూతం అని మన పెద్దలు చెప్పినది ఇదే. ఆ భూతానికి మేత పెట్టేకొద్దీ పెరుగుతుంది.

మన కాలంలో గంటకు బదులు రేడియేషన్ ఉంది. కంటికి కనబడదు, వాసన లేదు, చప్పుడు లేదు. భయానికి అంతకంటే అనువైన చోటు మరొకటి లేదు. కాపరులుగా మేము వెళ్లే ఇళ్లలో కొన్నిటిలో ఈ బాధ చూస్తున్నాము. మొదట వీధి చివర సెల్ టవర్‌తో మొదలవుతుంది. మంచం ఆ గోడ వైపు నుండి ఈ గోడ వైపు జరుగుతుంది. తరువాత సెల్‌ఫోను పడకగదిలో ఉండకూడదు. తరువాత మైక్రోవేవ్ ఓవెన్ అటకెక్కుతుంది. ప్రక్కింటి వైఫై గోడ గుండా వస్తుందని కిటికీలు మూసుకుంటాయి. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించుకుని వచ్చిన భర్త బట్టలు విడిగా ఉతకాలి, అతడు స్నానం చేసేవరకు పిల్లలను ముట్టుకోకూడదు. రోజుకు ఎన్నోసార్లు ఒకటే ప్రశ్న: మనకు ఏమీ కాదు కదా? భర్త ఏమీ కాదంటాడు. పది నిమిషాలు నెమ్మది. మళ్లీ అదే ప్రశ్న. గంట, దూలం, గుమ్మం, గోపురం.

ఇందులో తెలుసుకోవలసిన నిజాలు ఉన్నాయి. సెల్ టవరు, ఫోను, వైఫై, మైక్రోవేవ్ వాడేది రేడియో తరంగాల జాతికి చెందినవే. శరీరంలోని అణువులను విడగొట్టేంత శక్తి వాటికి లేదు. ఎక్స్‌రే కిరణాలకు ఆ శక్తి ఉంది. అందుకే వైద్యులు వాటిని అవసరమైనంత కొద్ది మోతాదులోనే వాడతారు. కానీ తీయించుకున్న మనిషి ఒంటికి గాని బట్టలకు గాని ఆ కిరణాలు అంటుకుని ఉండవు. ఈ మాట ఒకసారి చెబితే అది సమాచారం. యాభైసార్లు చెబితే అది మందు కాదు, వ్యాధికి మేత. బన్యన్‌కు దూలం ఎలాంటిదో, ఈ భార్యకు భర్త నోటి భరోసా అలాంటిది. ప్రతిసారీ దాని కిందికి వచ్చి నిలబడాలి. కాసేపటికి అది చాలదు.

బన్యన్‌ బాధ గంటతో ఆగలేదు. భయం బయటి నుండి లోపలికి వచ్చింది. ఎల్‌స్టో నుండి బెడ్‌ఫర్డ్‌కు నడిచే దారిలో ఒకరోజు, తనకు విశ్వాసం ఉందో లేదో తేల్చుకోవడానికి బాటలోని నీటి గుంటలను ఎండిపొమ్మని ఆజ్ఞాపించాలనిపించింది. ఎండకపోతే తాను నశించినవాడే అని తేలిపోతుందని భయపడి మానుకున్నాడు. ఆ తరువాత అన్నిటికంటే ఘోరమైన శోధన వచ్చింది. క్రీస్తును అమ్మివేయి అనే తలంపు మనసులో మోగడం మొదలైంది. ఇంచుమించు ఒక సంవత్సరం పాటు అది వదలలేదు. భోజనానికి కూర్చున్నా, కట్టె నరుకుతున్నా, సూది వంగి తీస్తున్నా అదే. లోకమంతా ఇచ్చినా అమ్మను అని ఇరవైసార్లు లోలోపల బదులు చెప్పేవాడు. ఆ తలంపును నెట్టివేయడానికి చేతులతో, మోచేతులతో గాలిలో తోసేవాడు. తినే తిండి వదిలి ఇప్పుడే ప్రార్థించాలి, లేకపోతే దేవునికి కోపం వస్తుంది అనిపించి లేచేవాడు.

ఒక ఉదయం పడకలో ఉండగా ఆ పోరాటంలో అలసిపోయాడు. ఆయన వెళ్లదలచుకుంటే వెళ్లనీ అనే మాట మనసులో దాటిపోయినట్టు తోచింది. అంతే. క్రీస్తును అమ్మివేశాను, క్షమాపణ లేని పాపం చేశాను అని నిర్ణయించుకున్నాడు. జ్యేష్ఠత్వాన్ని అమ్ముకుని, తరువాత కన్నీళ్లతో వెదకినా మారుమనస్సుకు చోటు దొరకని ఏశావు గురించి హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం 16, 17 వచనాల్లో ఉన్న మాటలు ఆయనను రెండేళ్లకు పైగా వెంటాడాయి. దావీదు పాపంతో, పేతురు బొంకుతో, యూదా ద్రోహంతో తన పాపాన్ని తూకం వేసుకున్నాడు. ఎన్నిసార్లు తూచినా త్రాసు ఆగలేదు.

ఈ సంవత్సరాల్లో ఆయన దగ్గరకు వచ్చినవారిని చూద్దాం. ఎవరి సహాయం పనికి వచ్చింది, ఎవరిది పనికి రాలేదు అన్నది మన సంఘాలకు కావలసిన పాఠం.

మొదట ఒక వృద్ధ విశ్వాసి. బన్యన్ ధైర్యం చేసి ఆయనకు తన సంగతి విప్పి చెప్పాడు. నేను క్షమించరాని పాపం చేశానని భయపడుతున్నాను అన్నాడు. తనకూ అలాగే తోస్తోందని ఆ పెద్దమనిషి అన్నాడు. బన్యన్ ఆయనను నిందించలేదు. ఆయన మంచివాడే గాని ఇలాంటి పోరాటం ఎరుగనివాడని తరువాత రాశాడు. మన మధ్య కూడా ఇలాంటి జవాబులు వినబడుతూనే ఉన్నాయి. ఇంత భయం ఉందంటే ఏదో దాచిన పాపం ఉండి ఉంటుంది అంటారు. ఇంకొకరు దయ్యం పట్టిందంటారు. ప్రార్థన చాలక వచ్చిందంటారు. గాయం ఎరుగనివారు కట్టే కట్టు గాయాన్ని పెంచుతుంది.

తరువాత బెడ్‌ఫర్డ్‌లోని కొందరు బీద స్త్రీలు. ఒకరోజు బన్యన్ ఆ పట్టణంలో పని మీద తిరుగుతుండగా, వారు గుమ్మం దగ్గర ఎండలో కూర్చుని, దేవుడు తమ హృదయాల్లో చేసిన పని గురించి మాట్లాడుకుంటున్నారు. తమ బలహీనతలను, శోధనలను దాచకుండా చెప్పుకుంటున్నారు. వారిలో ఆనందం కూడా ఉంది. భక్తి గురించి తానూ మాట్లాడేవాడే గాని ఇలాంటిది ఎప్పుడూ వినలేదు. తరువాత తన స్థితిని వారికి చెప్పాడు. వారు ఆయనకు తీర్పు చెప్పలేదు. తమ కాపరి దగ్గరకు తీసుకువెళ్లారు.

ఆ కాపరి జాన్ గిఫర్డ్. ఒకప్పుడు రాజు పక్షాన పోరాడిన సైనికాధికారి. మరణశిక్ష పడగా తన సహోదరి సహాయంతో తప్పించుకున్నాడు. బెడ్‌ఫర్డ్‌లో వైద్యం చేసుకుంటూ త్రాగుబోతుగా, జూదరిగా బ్రతికి, తరువాత ప్రభువును తెలుసుకున్నాడు. ఆయన బన్యన్‌తో మాట్లాడి, తన ఇంటికి రమ్మని పిలిచాడు. అక్కడ ఇతరులు తమ ఆత్మీయ స్థితి గురించి మాట్లాడుకోవడం వినేలా చేశాడు. ఎవరి మాటనూ ఊరికే నమ్మి దాని మీద ఆనుకోవద్దని ఆయన బోధించేవాడు. గిఫర్డ్ ఇంటికి వెళ్లిన వెంటనే బన్యన్‌కు భయం తగ్గలేదు. నిజానికి కొంతకాలం పెరిగింది. అయినా ఆ తలుపు తెరిచే ఉంది. ఆ రోజుల్లోనే ముట్టుకుంటే ఊడిపోయేలా ఉన్న ఒక పాత పుస్తకం చేతికి దొరికింది. అది గలతీ పత్రిక మీద మార్టిన్ లూథర్ రాసిన వ్యాఖ్యానం. తన హృదయంలో నుండే రాసినట్టుంది అనుకున్నాడు. ఇలాంటి చీకటి గుండా మరొక భక్తుడు వెళ్లాడని తెలియడమే ఆయనకు పెద్ద ఆదరణ.

ఇక ఆయన భార్య. ఆమె గురించి బన్యన్ రాసినది చాలా కొద్ది. కానీ ఆ కొద్దిలో ఒక సంగతి మేము ప్రతి భర్తకు, ప్రతి భార్యకు చెప్పాలనుకుంటున్నాము. మళ్లీ కొన్ని రోజులు చీకటి కమ్మిన వేళ ఆయన పొయ్యి దగ్గర కూర్చుని ఉండగా, నేను యేసు దగ్గరకు వెళ్లాలి అనే భావం గల మాట హఠాత్తుగా హృదయంలో వినబడింది. అలాంటి వచనం లేఖనాల్లో ఉందా అని భార్యను అడిగాడు. తనకు తెలియదని ఆమె చెప్పింది. అంతే. భర్త మనసు నెమ్మది పొందాలని లేని వచనం ఉందని చెప్పలేదు. మళ్లీ మొదలుపెట్టావా అని విసుక్కోలేదు. అతడు మౌనంగా ఆలోచిస్తూ కూర్చున్నాడు. రెండు మూడు నిమిషాల్లో హెబ్రీ పత్రిక 12వ అధ్యాయంలో సీయోను కొండను గురించి, వేవేల దూతలను గురించి, క్రొత్త నిబంధన మధ్యవర్తియైన యేసు దగ్గరకు వచ్చుటను గురించి ఉన్న మాటలు జ్ఞాపకం వచ్చాయి. సంతోషంతో ఆ సంగతి మొదట చెప్పినది ఆమెకే.

ఏశావు మాటలతో ఆయనను గాయపరచినదీ ఆ 12వ అధ్యాయమే. నెమ్మదినిచ్చినదీ అదే. భయం ఆయనను 17వ వచనం దగ్గర ఆపివేసింది. 22వ వచనం దాకా వెళ్లేంతసేపు ఆయనను ఆయన జవాబు వెదకనిచ్చిన మనిషి ప్రక్కనే కూర్చుని ఉంది. తెలియదు అని ప్రేమతో చెప్పగలగడం, చెప్పి లేచిపోకుండా ఉండడం, జీవిత భాగస్వామి చేయగల గొప్ప సహాయాల్లో ఒకటి అని మేము నమ్ముతున్నాము.

అంతటితో ఆయన పూర్తిగా బాగుపడలేదు. ఒకరోజు పొలంలో నడుస్తుండగా, తన నీతి తన మంచి మనసులో లేదు, పరలోకంలో క్రీస్తు రూపంలో ఉంది, తన మనసు బాగున్న రోజున అది పెరగదు, బాగులేని రోజున తరగదు అని గ్రహించినప్పుడు సంకెళ్లు ఊడినట్టు అనిపించింది. అయినా సంఘంలో చేరిన తరువాత కూడా ప్రభువు బల్ల దగ్గర దూషణ తలంపులు నెలల తరబడి వచ్చాయి. ప్రసంగపీఠం మీద నిలబడినప్పుడు కూడా వచ్చాయి. ఆయన బల్ల మానలేదు, ప్రసంగం మానలేదు. తలంపు వస్తుండగానే తన పని చేశాడు. నేటి వైద్యులు ఓసీడీ ఉన్నవారికి నేర్పేది ఇంచుమించు ఇదే.

1658 ప్రాంతంలో ఆ మొదటి భార్య నలుగురు పిల్లలను విడిచి కన్నుమూసింది. మరుసటి ఏడు ఎలిజబెత్ అనే యువతి ఆ ఇంటికి రెండవ భార్యగా, నలుగురికి తల్లిగా వచ్చింది. 1660 నవంబరులో, అనుమతి లేకుండా ప్రసంగిస్తున్నాడని బన్యన్‌ను బంధించారు. ఆ వార్త విన్న భయానికి గర్భవతియైన ఎలిజబెత్‌కు నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయి. ఎనిమిది రోజులు బాధపడింది. పుట్టిన బిడ్డ దక్కలేదు. 1661లో ఆమె బెడ్‌ఫర్డ్‌లోని స్వాన్ అనే సత్రంలో న్యాయాధిపతుల ముందుకు వెళ్లింది. మాథ్యూ హేల్ అనే న్యాయాధిపతి జాలిగా విన్నాడు, మిగిలినవారు కోపగించారు. నలుగురు చిన్నపిల్లలు ఉన్నారని, ఒకరికి చూపు లేదని, దయగలవారు ఇచ్చే దానితోనే బ్రతుకుతున్నామని చెప్పింది. ప్రసంగించడం మానుకుంటాడా అంటే, మాట్లాడగలిగినంత కాలం మానడని నిజమే చెప్పింది. భర్త కోసం ఎంత వేడుకున్నా, అతని తరఫున అబద్ధపు మాట ఇవ్వలేదు.

చెరసాలలో ఉన్నప్పుడు బన్యన్‌కు మళ్లీ భయం వచ్చింది. ఉరి తీస్తారేమో, నిచ్చెన ఎక్కేటప్పుడు కాళ్లు వణికి దేవుని నామానికి అవమానం తెస్తానేమో అని. తాను చనిపోతే పరలోకం దొరుకుతుందన్న నిశ్చయం కూడా అప్పుడు లేదు. నిశ్చయం కోసం ప్రార్థించాడు, రాలేదు. చివరికి, దేవుడు ఆదరణ ఇచ్చినా ఇవ్వకపోయినా క్రీస్తునే పట్టుకుని ఆ నిచ్చెన మీది నుండి నిత్యత్వంలోకి అడుగు వేస్తాను అని తీర్మానించుకున్నాడు. గంట పడదన్న హామీ కావాలని గోపురం చుట్టూ తిరిగిన మనిషి, హామీ లేకుండానే నిలబడడం నేర్చుకున్నాడు. విశ్వాసమంటే భయం లేకపోవడం అనుకునేవారు ఈ మాట దగ్గర ఆగి ఆలోచించాలి.

ఆ చెరసాలలో జోళ్ల దారాలకు కొసలు బిగించి అమ్మి ఇంటికి పంపాడు. 1672లో విడుదలయ్యాడు. 1678లో యాత్రికుని ప్రయాణం వెలువడింది. అందులో మరణచ్ఛాయ లోయలో ఒక దుష్టుడు వెనుక నుండి వచ్చి యాత్రికుని చెవిలో దూషణలు గుసగుసలాడతాడు. ఆ మాటలు తన మనసులో పుట్టినవే అని యాత్రికుడు పొరబడి కుమిలిపోతాడు. ఆ గుసగుస ఎలాంటిదో బన్యన్‌కు బాగా తెలుసు.

1684లో వచ్చిన రెండవ భాగంలో భయస్థుడు అనే యాత్రికుని కథ ఉంది. అతనితో నడిచిన మార్గదర్శి ఆ కథ చెబుతాడు. నిరాశ అనే బురదగుంట దగ్గర అతడు నెలకు పైగా ఏడుస్తూ పడి ఉన్నాడు. దాటలేడు, వెనుకకూ పోడు. ఇరుకు ద్వారం దగ్గర ఇతరులకు దారి ఇస్తూ వణుకుతూ నిలబడ్డాడు. చివరికి చిన్నగా తట్టాడు. సింహాలు అంటే భయం లేదు, కొండ అంటే భయం లేదు. తనను చేర్చుకుంటారో లేదో అన్నదే అతని భయం. మార్గదర్శి అతణ్ణి గద్దించలేదు, ఎత్తుకుని పరుగెత్తలేదు. అతని నడకతో నడిచాడు. మరణచ్ఛాయ లోయ అతని కోసం ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. చివరి నదిలో నీరు ఎన్నడూ లేనంతగా తగ్గింది. అదే భాగంలో కుంటివారు, మందమనస్కులు కూడా ఉన్నారు. వారి కోసం మిగతా యాత్రికులు ఆగుతారు. థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 5:14లో పౌలు అక్రమంగా నడిచేవారికి బుద్ధి చెప్పమని, ధైర్యం చెడినవారిని ధైర్యపరచమని, బలహీనులకు ఊతనివ్వమని వేరువేరుగా చెప్పాడు. ధైర్యం చెడినవారికి బుద్ధి చెప్పడం ఆ ఆజ్ఞను తలక్రిందులు చేయడమే.

ఇక జీవిత భాగస్వాములకు మా మనవి. మీ భార్య గాని భర్త గాని రేడియేషన్ భయంతో, లేదా మరే భయంతోనైనా ఇలా నలుగుతుంటే, అది చాదస్తం కాదు, మొండితనం కాదు, విశ్వాసం లేకపోవడం కాదు. అది వ్యాధి. దానికి వైద్యం ఉంది. భయపడేదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, ఆ వెంటనే చేసే కడగడం, అడగడం, జరగడం వంటి పనులను ఆపుకునేలా నేర్పే చికిత్స ఉంది. మందులు ఉన్నాయి, అవి పనిచేయడానికి వారాలు పడుతుంది. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ప్రభుత్వ టెలీమానస్ సేవ 14416 నంబరులో దొరుకుతుంది. మందు వేసుకోవడం ప్రార్థనకు విరోధం కాదు. గిఫర్డ్ కాపరి కాక ముందు వైద్యుడే.

ఇంట్లో రెండు అంచులు తప్పించండి. ఒకటి, భయం అడిగిందల్లా చేయడం. మంచం జరపమంటే జరపడం, బట్టలు విడిగా ఉతకడం, నూరుసార్లు ఏమీ కాదనడం. ప్రేమతోనే చేస్తారు, కానీ ఆ ప్రేమను వ్యాధి తన కోసం వాడుకుంటుంది. రెండవది, ఒక్కసారిగా అన్నీ కాదనడం, ఎగతాళి చేయడం, పిల్లల ముందు కోప్పడడం. ఈ రెంటికీ మధ్య దారి ఉంది. మనసు నెమ్మదిగా ఉన్న వేళ ఇద్దరూ కూర్చుని, వీలైతే వైద్యుని సలహాతో, ఏ పని ముందు మానాలో కలిసి నిర్ణయించుకోండి. ప్రశ్న మళ్లీ వచ్చినప్పుడు, ఇది ఆ భయం అడుగుతున్న ప్రశ్న, దానికి జవాబు చెప్పను, నీ ప్రక్కన మాత్రం ఉంటాను అని చెప్పండి. అప్పుడు ఆ మనిషికి బాధ కాసేపు పెరుగుతుంది. ఆ కాసేపు మీరు ప్రక్కన కూర్చోవడమే సహాయం. ఎప్పుడైనా ఇక బ్రతకను అనే మాట వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి.

సంఘ పెద్దలకు ఒక మాట. చూసుకునే భర్త లేదా భార్య కూడా అలసిపోతారు. వారు ఇంట్లో జరిగేది బయటికి చెప్పుకోలేరు. అలాంటి ఇంటికి వెళ్లినప్పుడు కారణాలు వెదకకండి, సాక్ష్యాలు పోల్చకండి. ఒక పూట పిల్లలను చూసుకోండి, ఆసుపత్రికి తోడు వెళ్లండి. బెడ్‌ఫర్డ్ స్త్రీలలాగా మీ సొంత బలహీనతలను దాచకుండా మాట్లాడండి. అది విన్నవాడు తాను ఒంటరి కాడని తెలుసుకుంటాడు.

1688లో బన్యన్ రెడింగ్ పట్టణానికి వెళ్లి, గొడవపడిన ఒక తండ్రిని కొడుకుని సమాధానపరచాడు. తిరిగి లండను వస్తూ వానలో తడిసి జ్వరం తెచ్చుకున్నాడు. ఆగస్టు 31న ప్రభువు దగ్గరకు వెళ్లాడు. లండనులోని బన్‌హిల్ ఫీల్డ్స్‌లో ఆయన సమాధి ఉంది. ఆయనకు భయం ఏనాడూ రాని కాలం రాలేదేమో. కానీ భయంతోనే ఆయన కుటుంబాన్ని పోషించాడు, ప్రసంగించాడు, రాశాడు. ఆయన ప్రక్కన నడిచిన మొదటి భార్య పేరు కూడా మనకు తెలియదు. దేవునికి తెలుసు. నేడు మన సంఘాల్లో అలా నడుస్తున్న భార్యల పేర్లు, భర్తల పేర్లు కూడా ఆయనకు తెలుసు.

ప్రభువు వారికి ఓర్పును, మనకు వారితో నడిచే మనసును దయచేయును గాక. ఆమేన్.